అభ్యంతరాలు లేవు

తెలుగు పుస్తకాలను చదివి వినిపించే ఆ ఉచిత యాప్‌ను తయారుచేసేది పదిమంది వాలంటీర్లు. పేరుకే పదిమంది. అందులో చదివే కంప్యూటర్ గొంతుకు తెలుగు పలకడం నేర్పే పని మాత్రం మొదటినుంచీ రష్మి ఒక్కతే చూసుకుంటోంది. అమెరికాలోని బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం, ఒంటరి అపార్ట్‌మెంట్, సాయంత్రమైతే ఈ పని. ఊళ్ళో పలకరించే మనిషి లేకపోయినా, ఆ గ్రూపులో తనకో చోటుందని ఆమె ధైర్యం.

ఈమధ్య ఓపిక అయిపోయింది. శనివారం వీడియో కాల్‌లో చెప్పేసింది.

"నా ఒక్కదానివల్ల కావట్లేదు. ఎవరైనా ఒకరు నాతో కలిసి చేయండి. లేదంటే ఈ ఫీచర్ ఆపేద్దాం."

నేపర్‌విల్ నుంచి మీటింగులు నడిపే శ్రేయాస్‌ దగ్గర ఏ చిక్కుకైనా ఒకటే మందు. "వోటింగ్ పెడదాం," అన్నాడు.

పెట్టారు. ఉంచాల్సిందేనని అందరూ బొటనవేళ్ళు చూపించారు. ఉషా అయితే, "అది మన యాప్‌కి ప్రాణం కదా రష్మీ," అంది.

"మరి నాతో ఎవరు చేస్తారు?"

ఒక్కొక్కరి మైకూ మ్యూట్ అయిపోయింది. ప్రాణమని ఒప్పుకోవడానికి లేచిన చేతుల్లో ఒక్కటీ సాయానికి రాలేదు. పాపం, వోట్లు మాత్రం ఏం చేస్తాయి, అవి పనిచేయవుగా.

ఆ గ్రూపులో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరైనా ప్రతిపాదన పెడితే, వారంలోగా ఒక్కరు "వద్దు" నొక్కినా అది ఆగిపోతుంది. ఎవరూ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే. తీరిక లేనివాళ్ళు పెట్టుకున్న పద్ధతి.

ఆదివారం రష్మి రాసింది: "నేను ప్రాజెక్ట్ నుంచి తప్పుకుంటున్నాను. అభ్యంతరం ఉంటే చెప్పండి."

నిజంగా వెళ్ళాలని కాదు. ఒక్కరు ఉండమంటే చాలు, మళ్ళీ చాకిరీకి కూర్చునేదే. వారమంతా సిగ్నల్ దగ్గరా, గ్రాసరీ లైన్‌లోనూ ఫోన్ చూసుకుంది. అందరూ చదివారని తెలుస్తోంది. మాట మాత్రం లేదు. చివరిరోజు ఉండబట్టలేక ఉషాకు ఫోన్ చేసింది.

"చూశాను రష్మీ. నీకు రెస్ట్ కావాలి కదా, నీ డెసిషన్‌ని రెస్పెక్ట్ చేద్దామని ఊరుకున్నాం. అందరం అదే అనుకున్నాం," అంది ఉషా ప్రేమగా.

ఫోన్ పెట్టేశాక రష్మికి ఏడుపొచ్చింది. "వద్దు" బటన్ తన స్క్రీన్ మీదా ఉంది. తానూ సభ్యురాలే. వేలు అక్కడిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. తనను ఉండమని తానే అడుక్కోవడం ఆమెకు చేతకాలేదు.

గడువు ముగిసి గ్రూపులో మెసేజ్ దానంతటదే వచ్చింది. రష్మి దాన్ని కాపీ చేసి యాప్‌లో పెట్టి, ప్లే నొక్కింది.

"అభ్యంతరాలు లేవు. ఆమోదించడమైనది."

తాను నేర్పిన గొంతు ఒక్క అక్షరం తడబడకుండా చదివింది. ఇక ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే గొంతు అదొక్కటే.