బొట్టు పెట్టిన డబ్బా

నూజివీడు మామిడికి గాలివాన భయం, పండుఈగ భయం, దళారి భయం పాతవే. ఈ ఏడు కొత్తగా ఇనుము భయం పట్టుకుంది. బయటి దేశాల ఇనుము మీద అమెరికా సుంకం పెంచింది. కారణం దేశభద్రతట! ఆ దెబ్బ మామిడి గుజ్జు పోసే రేకుడబ్బాలకూ తగిలింది. పళ్లకి డబ్బా తొడిగితే డబ్బాకి పన్ను మొలిచిందన్నమాట.

"మన డబ్బా వల్ల అమెరికాకి ముప్పంటే నవ్వాగట్లేదే హైమా! రసం పంపితే రణం అంటారేంటి?" అని, ఆగిరిపల్లి రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ నడిపే బసవపున్నారావు భార్య దగ్గర పడీపడీ నవ్వాడు.

నవ్వు ఆగాక చెమట పట్టింది. కొత్త సుంకం అమల్లోకి వచ్చేలోపు ఓడెక్కకపోతే సరుకే వద్దని అక్కడ కొనేవాడు తేల్చి చెప్పేశాడు.

మామూలుగా మూత బిగించిన డబ్బాల్ని పది పదిహేను రోజులు గోడౌన్లోంచి కదపరు. లోపల గుజ్జు చెడితే మూత ఉబ్బుతుంది. ఉబ్బనివే లారీ ఎక్కుతాయి. ఈసారి పున్నారావు ఆగలేదు. డబ్బాలు గోరువెచ్చగా ఉండగానే కంటైనర్లో నింపి విశాఖ రేవుకి తోలేశాడు. ఒక్క ఆనవాయితీ మాత్రం మానలేదు. ప్రతి సరుకులోనూ మొదటి డబ్బాకి పసుపు రాసి, మూత మీద కుంకుమబొట్టు పెట్టి, దేవుడి గదిలో ఉంచుతాడు.

వారం తిరక్కుండానే, పొద్దున్నే దీపం పెట్టబోయిన హైమవతి కేకేసింది.

"ఏవండీ, ఇలా రండి. బొట్టు పైకొచ్చింది."

"బొట్టు పైకి రావడమేంటే?"

వచ్చి చూశాడు. లోపలికి కాస్త లొత్తగా ఉండాల్సిన మూత పూరీలా పొంగి ఉంది. వేలితో నొక్కాడు. టక్. దిగింది. వేలు తీశాడు. టక్. లేచింది.

"దీపం సెగకి ఉబ్బిందిలే," అన్నాడు.

"పక్కనే నిరుటి డబ్బా కూడా ఉందిగా. దానికి తగల్లేదా సెగ?"

నిరుటి డబ్బా మూత కుదురుగానే ఉంది.

"ఇదొక్కటే చెడిందేమో."

"రెండోది ఏ పిల్లాడి గ్లాసులోకి వెళ్తుందో మీకు తెలుసా? పోనీ, దీన్నే తెరుస్తాను. మీరో చెంచా తాగండి చూద్దాం."

పున్నారావు తనకి తెలియకుండానే గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. ఎక్కడో రేవులో, ఎండకి కాలే ఇనప పెట్టెలో, చీకట్లో, డబ్బాలు ఒక్కొక్కటే టక్, టక్ అంటున్నట్టు చెవిలో మోగింది. రేవు ఏజెంటు రవిచంద్రకి ఫోన్ కలిపాడు.

"కంటైనర్ ఓడెక్కిందా?"

"యార్డులోనే ఉందండీ, మధ్యాహ్నం ఎక్కిస్తారు. కంగారు పడకండి, సుంకం తప్పించుకున్నట్టే!"

"ఎక్కించకు. వెనక్కి తెప్పించు."

"అయ్య బాబోయ్! ఇప్పుడు ఆపితే ఈ బేరం పోయినట్టేనండీ."

"పోనీ."

"మరి కాగితం మీద కారణం ఏం రాయమంటారు?"

పున్నారావు డబ్బా వైపు చూశాడు. ఉబ్బిన మూత మీద ఎండిన బొట్టు బీటలిచ్చి, కుంకుమ పొడిపొడిగా రాలుతోంది.

"భద్రత అని రాయి," అన్నాడు. "నవ్వకు."

అవతల రవిచంద్ర నవ్వేశాడు. దేవుడి గదిలో, ఎవరూ ముట్టుకోకుండానే, టక్ మంది.