దాలయ్య వండిన దాణా

దాలయ్యకు తెలియని విద్య లేదు. కొబ్బరి చెట్టు ఎక్కడం దగ్గర్నుంచి రైల్వే బడ్జెట్ దాకా అన్నీ తెలుసు. 2003లో అక్కుపల్లి దగ్గర తన జీడితోటలో రెండొందల కోడిపిల్లలకు షెడ్డు వేశాక కోళ్ళ శాస్త్రం కూడా వచ్చేసింది.

భార్య నూకరత్నానికి తెలిసింది ఒక్కటే. నలభై ఐదు రోజుల్లో పిల్ల కిలోన్నర తూగకపోతే పలాస హోటలు మల్లేశ్వరరావు కొనడు. షెడ్డు మూతపడితే తను మళ్ళీ పలాస పోయి జీడిపిక్కలు కొట్టాలి. ఆ పిక్కల తొక్కలోంచి కారే రసానికి కాలిన వేళ్ళు ఇంకా మానలేదు.

మందుల ఏజెంటు శ్రీకాంత్ ఎంజైము పొడి ఇచ్చాడు. "తవుడూ నూకలూ పిల్లలకి సరిగా అరగవండి. ఇది కలిపితే అరిగి ఒంటికి పడతాయి. వేడి మాత్రం తగలనివ్వకండి, పనిచెయ్యదు," అన్నాడు. ఆ సమయానికి దాలయ్య అతనికి మోటారుసైకిలు ఎలా నడపాలో చెబుతున్నాడు.

మర్నాడే దాణా, పొడి కలిపిన గుండిగ పొయ్యెక్కింది.

"అదేటి మావా, వేడి తగలకూడదన్నాడు కదా!"

"పసిపిల్లలకి పచ్చిపిండి పెడతామేటే? జావ కాసి పోత్తాం. ఇవీ పిల్లలే. నాకు సెప్పకు."

ఎంత దయామయుడో! సొంత పిల్లలకు ఒక్కనాడూ జావ కాచిన పాపాన పోలేదు.

నూకరత్నం మిగిలిన పొడిలో సగం ఆ పూటే దాచేసింది. ఆయన టీ కొట్టుకు వెళ్ళగానే జావ గేదెకు పోసి, దాచిన పొడిని పచ్చి దాణాలో కలిపి పిల్లలకు పెట్టేది.

నలభై ఐదో రోజున మల్లేశ్వరరావు తూస్తే పిల్ల కిలో ఆరొందలు తూగింది.

"ఏటి పెట్టేవు బావా?" అని నోరెళ్ళబెట్టాడు.

"జావ," అని దాలయ్య మీసం దువ్వాడు.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. "ఆ జావ గేదె తాగింది! పిల్లలకి నాను పచ్చి దాణాయే పెట్టేను," అనేసింది.

మల్లేశ్వరరావు ఆమెవైపు తిరిగాడు. "వచ్చే దఫా నాలుగొందల కోళ్ళు కావాల సెల్లీ. బేరం నీతోనే."

దాలయ్య తెల్లబోయాడు. ఒక్క క్షణమే. సాయంత్రానికల్లా టీ కొట్టులో, "ఎంజైము ఉడకబెడితే దండగ. మా గేదె మీద పరీచ్చ సేసి మరీ తేల్చేను," అని పాఠం చెబుతున్నాడు.

అది విని నూకరత్నం పడీ పడీ నవ్వింది. ఇక పిక్కలు కొట్టనక్కర్లేదు. ఆయన ఎవరికి ఏం చెప్పుకుంటే తనకేం!