రెండు రంగుల పట్టీ

ఆ పరిశోధన వాళ్ళు తప్పు రాశారు. మారెన్ ఒక్క ఇంట్లోనే పెరిగింది; వాళ్ళ కాగితాల్లో మాత్రం రెండిళ్ళలో పెరిగింది. ఇది ఓర్వల్ స్టాస్ట్నీ మాట. నాలుగేళ్ళుగా ఇదే మాట, అక్షరం తేడా లేకుండా.

తల్లిదండ్రుల దగ్గర ఉంచలేమని తొమ్మిదో ఏట ప్రభుత్వం ఆ పిల్లను తెచ్చి, నెబ్రాస్కాలో ప్లాట్ నది పక్కనున్న వీళ్ళింట్లో అప్పగించింది. పెంపకం లైసెన్సు ఓర్వల్ భార్య లియోనా పేరు మీద. ఇద్దరి పేర్లూ ఉండాలంటే ఇద్దరూ క్లాసులకు రావాలన్నారు. పిల్లను పెంచడం నల్లబల్ల మీద నేర్పుతారా అని ఓర్వల్ వెళ్ళలేదు. లియోనా పోయాక వెళ్ళాడు. చిన్నవాళ్ళ మధ్య కూర్చుని, లైసెన్సు తన పేర రాయించుకున్నాడు. మారెన్ మంచం అంగుళం కదల్లేదు. కానీ లైసెన్సు ఎవరిదైతే ఇల్లు వాళ్ళది. పేరు మారితే ఇల్లు మారినట్టే. పరిశోధన లెక్క అది.

ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలు ఎలా ఉన్నారో ఏళ్ళ తరబడి వెంట నడిచి చూసే పరిశోధన. పద్దెనిమిది నెలలకోసారి రూతాన్ కోల్బ్ అనే ఆవిడ సంచీ తగిలించుకుని వస్తుంది. ఈ మార్చిలో రావడం ఆఖరిసారి. మే నెలలో మారెన్‌కు పందొమ్మిది నిండుతాయి. నెబ్రాస్కాలో ఆ వయసుతో ప్రభుత్వ సంరక్షణ ముగుస్తుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఉంటుందో పోతుందో పిల్ల ఇష్టం. ఆపే హక్కు ఓర్వల్‌కు లేదు. అడిగే నోరూ లేదు.

ఆ పొద్దున పొగమంచు పొలం దాటి వాకిలి దాకా వచ్చి ఆగింది. దాని లోపల వేల కొంగలు కూస్తున్నాయి; ఒక్కటీ కనబడదు. వంటింటి దీపం నీళ్ళ అడుగున వెలుగుతున్నట్టుంది.

“ముందు ఆ తప్పు దిద్దండమ్మా,” అన్నాడు గుమ్మంలోనే.

“బూట్లు విప్పనివ్వండి ఓర్వల్ గారూ.”

“నాలుగేళ్ళుగా విప్పుతూనే ఉన్నారు.”

“నేను దిద్దకూడదండీ. ఈ ఆఖరిసారి మొదటి నుంచీ అన్నేళ్ళ పట్టీ పిల్లే గీస్తుంది. ఎలా గీస్తే అలాగే.”

“పెద్దాయనా, ఇక బయటికి,” అంది మారెన్. “నువ్విక్కడుంటే నా మాటలు చెల్లవు. వెళ్ళి కొంగల్ని తిట్టుకో. అవైతే పడతాయి.”

పిల్ల జవాబు చెప్పేటప్పుడు పక్కన మరో మనిషి ఉండకూడదు. వాళ్ళ నియమం. ఓర్వల్ గసగసాలు నింపిన తీపి బన్నులు, కొలాచీలు, నాలుగు పళ్ళెంలో పెట్టి బయటికి నడిచాడు. లియోనా ఉన్నప్పుడు ఇంట్లో కాల్చేది. ఇవి కొట్టువి.

వెళ్ళినవాడు కిటికీ అవతల ఆగాడు.

బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు కాగితం పట్టీ పరిచారు. నెలకో గడి. ఏ నెల ఎక్కడుందో రంగు పెన్సిలుతో నింపాలి. ఇల్లు మారితే రంగు మార్చాలి. మారెన్ నీలం తీసుకుంది. గడి వెనక గడి నిండుతూ పట్టీ నదిలా సాగింది. మంచు తడి పట్టిన అద్దంలోంచి ఓర్వల్‌కు ఆ గడుల్లో మనుషులు కనబడ్డారు. ఒకదాంట్లో లియోనా పిండి చేతులతోనే పిల్లకు జడ వేస్తోంది. ఇంకోదాంట్లో ముగ్గురూ బురదలో దిగబడిన ట్రక్కును తోస్తున్నారు, నవ్వుతున్నారు. తను కూడా. ఆపకు, ఆపకు అనుకున్నాడు.

లియోనా పోయిన నవంబరు దగ్గర పెన్సిలు ఆగింది. మారెన్ నీలం కింద పెట్టి ఆకుపచ్చ తీసుకుంది.

ఓర్వల్ తలుపు తోసుకుని వచ్చాడు. నియమం మంటగలిసింది.

“నువ్వూనా? అదే మంచం, అదే పొయ్యి!”

“మంచం అదే,” అంది మారెన్ తలెత్తకుండా. “అమ్మ పోయాక ఏడాది పాటు భోజనం దగ్గర నాతో ఒక్క మాటాడావా? రేడియో పెట్టుకునేవాడివి. మొక్కజొన్న ధరలు విని విని నాకు నిద్రలో కూడా అవే. దాన్ని అదే ఇల్లు ఎలా అనను? లియోనా అమ్మ ఇంట్లోంచి నీ ఇంటికొచ్చాను. పెట్టె సర్దకుండా వచ్చాను, అంతే.”

ఓర్వల్ రేడియో వైపు చూశాడు. దాని మీద దుమ్ముంది. ఎప్పుడు కట్టేశాడో గుర్తు లేదు.

ఆకుపచ్చ పెన్సిలు మళ్ళీ కదిలింది.

“ఇవాళ్టి గీత దగ్గర ఆపమ్మా,” అంది రూతాన్. “తర్వాతి గడులు మాకక్కర్లేదు.”

“కాగితం ఉంది కదండీ.”

ఏప్రిల్ నిండింది. మే నిండింది. పెన్సిలు ఆగలేదు. డిసెంబరు అంచుదాకా, కాగితం అయిపోయేదాకా ఆకుపచ్చ.

బయట కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. ఇల్లు కాసేపు నేల విడిచినట్టయింది.

ఓర్వల్ కొలాచీ ఒకటి తీసుకున్నాడు. బాగాలేదు. మొత్తం తిన్నాడు.

“మరి ఆ తప్పు గురించి పైవాళ్ళకు రాయమంటారా?” అంది రూతాన్ సంచీ సర్దుతూ.

“ఏ తప్పు?”

“అదేనండీ, రెండిళ్ళని...”

“బూట్లు వేసుకోండమ్మా,” అన్నాడు. “ఆ మాట ఇక నా నోట రాదు. మీరూ ఎత్తొద్దు.”