చివరి తొట్టిలో చేపలు

మీ ఒంటిమీది చొక్కా ఏ రంగుదైనా సరే, ఆ రంగు మా అక్క తాగింది. ఆ పొద్దున కుళాయి తిప్పితే ఎర్రనీళ్లు వచ్చాయి. ఆ వారమంతా మిల్లులో ఎర్రరంగే అద్దాం మరి. నిండు కడుపుతో ఉన్న మనిషి, ఆ నీళ్లనే వడగట్టి, కాచి తాగింది. పోయినసారి బిడ్డ దక్కలేదు. ఈసారైనా దక్కాలని తన ఆరాటం.

రంగునీళ్లు శుద్ధిచేసే ప్లాంటు మిల్లులో లేకపోలేదు. నడిపేది మా బావే. నడపడమంటే, తనిఖీ అధికారి వచ్చిన రోజునే. మిగతా రోజుల్లో కరెంటు దండగని యజమాని దాన్ని ఆపించి, నీళ్లు వెనక గోతిలోకి వదిలిస్తాడు. అవే మా వీధి కుళాయిలకు నీళ్లిచ్చే బోరులోకి దిగుతాయి. అధికారి వస్తున్నాడంటే బావ చివరి తొట్టిలో మంచినీళ్లు నింపి చేపల్ని వదలాలి. శుద్ధిచేసిన ఈ నీళ్లనే మళ్లీ అద్దకానికి వాడతామని యజమాని చేపల్ని చూపించి మురిసిపోతాడు.

అధికారి మళ్లీ వస్తున్నాడని తెలిసి పనివాళ్లమందరం షెడ్డు వెనక కూడాం. సమ్మె అని కొందరు, చేస్తే పొయ్యిలో పిల్లి లేవదని కొందరు, వాదులాడుకున్నాం. చివరికి బావ నోరు విప్పాడు.

"ఈసారి మంచినీళ్లు నింపను. బట్ట తెల్లబరిచిన నీళ్లు నింపుతా. వాటికి రంగుండదు, ఎవడూ కనిపెట్టలేడు. చేపలే సాక్ష్యం చెబుతాయి."

సై అన్నాం. ఎంత వెర్రివాళ్లమో!

అధికారి చూస్తుండగానే చేపలు వెల్లకిలా తేలాయి. ఇవి రోజూ మేం బయటికి వదిలే నీళ్లేనని, మా ఆడవాళ్లు తాగేవీ ఇవేనని బావ చెప్పాడు. అధికారి తాపీగా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఈ ప్లాంటు నీళ్లు శుభ్రమని పోయినసారి నేనే సంతకం పెట్టాను. అంటే ఎవరో విషం కలిపారన్నమాట."

పోలీసులొచ్చారు. నీళ్లు నింపిందెవరని అడిగితే బావ నేనేనన్నాడు. నేనూ అన్నాను. అద్దేవాళ్లు, ఉతికేవాళ్లు, ఆరేసేవాళ్లు అందరూ నేనంటే నేనన్నారు. జీపులో అంత చోటు లేదని నవ్వి, బావనొక్కణ్ణే ఎక్కించుకున్నారు. గుడ్లప్పగించి చూడటం తప్ప ఏం చెయ్యగలిగాం?

తెల్లారి అక్క బిందెడు కుళాయినీళ్లు తెచ్చి మిల్లు గేటు ముందు దించింది.

"సంతకం పెట్టినాయన్ని వచ్చి తాగమనండి" అంది.

వాచ్‌మన్ తల తిప్పుకున్నాడు. వీధిలోని ఆడవాళ్లంతా బిందెలు తెచ్చి పక్కన పెట్టారు. సైరను కూసింది. లోపలికెళ్లాలంటే ఆ బిందెలు దాటాలి. ఎవరమూ దాటలేదు. యజమాని కేకలేశాడు, బతిమాలాడు, మళ్లీ జీపుని పిలిపిస్తానన్నాడు. కదల్లేదు.

ఎండెక్కింది. అధికారి రాలేదు, బావా రాలేదు. అక్కకు దాహమేసింది. చుట్టూ చూసి, ఆ బిందెలోంచే ముంచుకుని తాగింది.