ఆండాలు సర్దిన షెడ్డు

సర్దడం మొదలుపెడితే ఆండాలును ఆపడం ఎవరి తరమూ కాదు. గ్లాసులు సైజు ప్రకారం, చెప్పులు జతల ప్రకారం, చివరికి ఉల్లిగడ్డలు కూడా పెద్దవి వేరు, చిన్నవి వేరు. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి బిక్షపతిని మొగుడిగా ఇచ్చాడు. సూర్యాపేటలో పగలంతా మోటార్ల వైండింగ్ దుకాణం నడుపుకుంటాడు. ఇంటికి రాగానే చాయ్ అయినా పూర్తిగా తాగకుండా పెరట్లోని రేకుల షెడ్డులో దూరతాడు. పాత మోటారుకు తానే బిగించుకున్న లేతు మిషను మీద కట్టె తిప్పుతూ చపాతి కర్రలు, మంచం కోళ్లు, పిల్లల బొమ్మలు చేస్తాడు. అమ్మేది తక్కువ, పంచిపెట్టేది ఎక్కువ.

ఇక ఆ షెడ్డు సంగతి చెప్పకపోవడమే మేలు. అడుగు పెడితే మడమలు మునిగేంత పొట్టు. ఉలి కోసం వెతికితే ఉప్పుకాగితం దొరుకుతుంది, ఉప్పుకాగితం కోసం వెతికితే నిన్నటి చాయ్ గ్లాసు దొరుకుతుంది. కట్టె ముక్కలు కిటికీలో, స్టూలు కింద, ఖాళీ పెయింటు డబ్బాల్లో, ఎక్కడ చోటుంటే అక్కడ. "ఏది ఏడున్నదో నాకు ఎర్కనే. నువ్వు మాత్రం జర ముట్టకు" అనేవాడు. ఆ పొట్టు కాళ్లకంటుకుని వంటింటిదాకా వస్తుంటే ముట్టకుండా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

పోయిన వారం ఆయన దుకాణానికి వెళ్లగానే కొంగు బిగించింది. పొట్టంతా బస్తాలకెత్తింది. గోడకు మేకులు కొట్టి ఉలులన్నీ వరుసగా తగిలించింది. కట్టె ముక్కల్ని ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచి, నల్లవి ఒక ట్రేలో, తెల్లవి ఒక ట్రేలో పేర్చింది. సాయంత్రం వచ్చిన బిక్షపతి గడపలోనే ఆగిపోయాడు. కోప్పడతాడేమోనని ఆమె తయారుగానే ఉంది.

"అబ్బ! ఇది మన షెడ్డేనా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆండాలు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆదివారం కోదాడ నుంచి చెల్లెలు రజిత చంటిపాపను ఎత్తుకుని వస్తే ముందు షెడ్డే చూపించింది. పాపకు పళ్లొస్తున్నాయి, కనబడిందల్లా కొరుకుతోంది. బిక్షపతి ముచ్చటపడి తెల్ల ట్రేలోంచి ఒక ముక్క తీసి, వాళ్ల కళ్ల ముందే ముద్దుగా ఒక గిలక్కాయ చేసి పాప చేతిలో పెట్టాడు. పాప దాన్ని నోట్లో పెట్టుకుంటే అందరూ నవ్వారు.

ఈ రోజు బిక్షపతి మిర్యాలగూడ వెళ్లాడు, ఏదో రైస్ మిల్లులో మోటారు కాలిపోయిందని. ఆండాలు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నుంచి పక్కింటి మణెమ్మ పలకరించింది.

"ఏమే ఆండాలూ, మా గన్నేరు కట్టెతోని సొరుగు పిడి చేస్తనన్నడు మీ ఆయన. చేసిండా?"

"ఏం గన్నేరక్కా?"

"గదేనే, మా పచ్చగన్నేరు కొట్టేసినం కద, గా చెట్టు. విషపు కట్టె బిడ్డా, వంట సామాన్లకు గిట్ల వాడకు అని చెప్పిన. ఎర్కనే అక్కా, సుద్దతోని అడ్డగీత కొట్టి కిటికీల విడిగ పెట్టిన అన్నడు."

చేతిలో తడి చీర జారి మట్టిలో పడింది. కిటికీలోని ముక్క గుర్తుంది ఆమెకు. దాని మీది సుద్ద గీతా గుర్తుంది. మురికి మరక అనుకుని గట్టిగా రుద్ది మరీ తుడిచింది. తుడిచి, తెల్ల ట్రేలో పెట్టింది.

షెడ్డులోకి పరుగెత్తి ట్రే బోర్లించింది. ఒక్కొక్క ముక్కను తడిమింది, గోటితో గీరింది, వాసన చూసింది. అన్నీ ఒకే తెలుపు, అన్నీ కట్టె వాసనే. ఏది గన్నేరో ఆమెకేం తెలుస్తుంది? అసలు ఆ ముక్క ఇంకా ఇందులో ఉందో, గిలక్కాయై కోదాడ చేరిందో ఏ దేవుడు చెబుతాడు? గన్నేరు పప్పు నూరుకుని ప్రాణం తీసుకున్నవాళ్ల కథలు చిన్నప్పటి నుంచీ వింటున్న మనిషి.  మొగుడికి ఫోన్ చేస్తే రింగవుతోంది, ఎత్తడం లేదు. ఆ మిల్లు రొదలో ఏం వినబడుతుంది!

రజితకు చేయబోయి ఆగింది. రజిత అత్త జానకమ్మ మాట మహా పదును. పుట్టింటివాళ్లు పసిపిల్లకు విషం పంపారని తెలిస్తే చెల్లెల్ని బతికున్నన్నాళ్లూ దెప్పిపొడుస్తుంది. పైగా ఇదంతా ఎవరి నిర్వాకం? మొగుణ్ణి గలీజు గలీజు అని ఊరంతా వినేలా తిట్టిన ఆండాలుదే. ఆ సంగతి పైకి చెప్పాలంటే నాలుక మెలిపడిపోయింది.

"పాప ఏం జేస్తున్నదే?" అని అడిగింది చివరికి ఫోన్లో.

"ఏం జేస్తది అక్కా, బావ ఇచ్చిన గిలక్కాయను ఇడుస్తలేదు. నిద్రల గూడ నోట్లనే. నిన్నటి సంది జర కక్కుతున్నది. పండ్లొస్తే గట్లనే ఉంటదంటున్నది మా అత్త."

 అప్పుడైనా చెప్పొద్దూ? చెప్పలేదు.

"గది పక్కకు పెట్టే. పాలిష్ మంచిగ లేదంట. ఇంకోటి తెస్త."

"సరే తియ్యి" అంది రజిత.

ఫోన్ పెట్టేశాక కాసేపు ఊపిరాడింది. ఆపైన 'కక్కుతున్నది' అన్న మాట గుండెలో గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇంటికి తాళం వేసి, కట్టుకున్న చీరతోనే హైవే మీదికొచ్చి కోదాడ బస్సెక్కింది. సీటు దొరికినా కూర్చోలేకపోయింది. ఈ డ్రైవరేమిటి, ఎద్దులబండి తోలినట్టు తోలుతున్నాడు! మునగాల దాటాక ఇక ఉండబట్టలేక మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఎత్తింది జానకమ్మ.

"రజిత స్నానానికెళ్లిందమ్మా. పాపా? ఒకటే ఏడుపు, గిలక్కాయ కావాలని. పాలిష్ బాలేదన్నావంట కదా, వేడినీళ్లతో శుభ్రంగా కడిగి ఇచ్చాలే. నోట్లో పెట్టుకుని ఎంత బుద్ధిగా కూర్చుందో చూడు."

"గుంజుండ్రి అత్తమ్మా!" ఆండాలు అరిచిన అరుపుకు బస్సంతా తిరిగి చూసింది. "నోట్లకెల్లి గుంజుండ్రి! అది పచ్చగన్నేరు కట్టె కావచ్చు! మా ఆయన తప్పు లేదు, నేనే సదురుకుంట కలిపేసిన. మీ కాళ్లు మొక్కుత, దవాఖానకు ఉరకుండ్రి!"

అవతల ఫోన్ కింద పడిన చప్పుడు, రజితను పిలుస్తున్న కేక, ఆపైన ఏమీ లేదు. ఆండాలు సీట్లో కూలబడింది. పక్కనున్న ముసలామె ఏమీ అడగకుండా మంచినీళ్ల సీసా మూత తీసి అందించింది.

కోదాడ చేరబోతుండగా బిక్షపతి ఫోన్ వచ్చింది. సంగతంతా చెప్పింది.

"నీ ట్రేలకెల్లే తీసిన" అన్నాడు. "మునుపైతే ముక్క ముక్కను గీకి, వాసన సూసి గాని మిషన్‌కు ఎక్కియ్యకపోతుంటి. గంత సక్కగ పెట్టినవ్ గద, అన్నీ మంచియే ఉంటయనుకున్న." సామాన్లు సంచిలో వేస్తున్న చప్పుడు వినబడింది. "నేను గూడ వస్తున్న, నువ్వు నడు."

వాకబు చేసుకుంటూ పిల్లల దవాఖానకు చేరేసరికి, గన్నేరు విషం గుండెకే ఎక్కుతుందని పాప చిట్టి ఛాతీ మీద వైర్లు అంటించి ఈసీజీ తీస్తున్నారు. రజిత అక్క వైపు చూడనైనా చూడలేదు. గుండె బాగానే కొట్టుకుంటోందని, అయినా సాయంత్రందాకా కళ్ల ముందు ఉంచుకుంటామని డాక్టరమ్మ చెప్పింది. ఆండాలు వెళ్లి బెంచీ మీదున్న జానకమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. తిట్టమనే కూర్చుంది.

జానకమ్మ తిట్టలేదు. "కట్టెలు కలిసిపోవడం ఎవరింట్లో అయినా జరుగుద్దమ్మా" అంది, తన కుడిచేతి వైపే చూసుకుంటూ.  "మొదటి ఫోన్లోనే ఆ మాట చెప్పుంటే, నా చేత్తో కడిగి నేనే మళ్లీ దాని నోట్లో పెట్టేదాన్నా? చెప్పు."

ఆండాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రానికి బిక్షపతి వచ్చాడు. గిలక్కాయను వెలుగులో తిప్పి తిప్పి చూశాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. "ఏమో, తెలుస్తలేదు" అని తల వంచుకున్నాడు. దాన్ని కాగితంలో చుట్టి, దవాఖాన చెత్తలో వేయడానికి కూడా భయపడి జేబులో పెట్టుకున్నాడు. ఈలోగా పాప పాలు తాగింది, కక్కలేదు. రెండోసారి తీసిన ఈసీజీ కూడా బాగుందని, ఇంటికి తీసుకెళ్లొచ్చని చెప్పారు. రజిత అప్పుడు ఏడ్చింది, తనివితీరా.

మందుల చీటీ కోసం రజిత లోపలికి వెళుతుంటే జానకమ్మ పాపను తెచ్చి ఆండాలు ఒళ్లో పెట్టింది.  దానికన్న పెద్ద క్షమ ఏముంటుంది? పాప పెద్దమ్మ ముఖంలోకి చూసి బోసినవ్వు నవ్వింది. ఆమె వేలు పట్టుకుని నోటి దగ్గరికి లాక్కుంది.

ఆండాలు ఒక్క ఉదుటున వేలు వెనక్కి లాక్కుంది. పొద్దున ఆ ముక్కలన్నీ తడిమింది ఈ చేతులే. ఇప్పుడు ఈ మాటంటే పిచ్చిదనుకుంటారు, ఇప్పుడే సద్దుమణిగిన భయం మళ్లీ లేస్తుంది. ఆండాలు అవేవీ ఆలోచించలేదు.

"అత్తమ్మా, పాపను తీస్కోండ్రి" అంది. "పొద్దుగాల గా కట్టెలన్నీ ఈ చేతులతోనే పిసికిన. కడుక్కున్ననో లేదో యాదికి లేదు."

జానకమ్మ చప్పున పాపను అందుకుంది. ఆండాలు ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"వెళ్లు, సబ్బుతో బాగా కడుక్కునిరా" అంది. "నువ్వొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాంలే."