రెండు కాగితాలు

చర్చి సంఘం బీరువాలోంచి తెచ్చిన మూడు పుస్తకాలకు పాత పేపరుతో అట్టలు వేస్తున్నాను. మూడోదానికి మూలలు మడుస్తుంటే అమ్మ నా చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఏ తారీఖుదే ఇది?"

"పోయిన నెలదేలే అమ్మా."

అయినా రెండు వైపులా తిప్పి చూశాక గానీ ఇవ్వలేదు. పన్నెండు రోజుల క్రితం పేపర్లో నాన్న నడిపే బస్సు ఫోటో పడింది. మలుపు దగ్గర ఒక పెద్దావిడను గుద్దింది. ఆవిడ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. విచారణ తేలేదాకా నాన్నకు డ్యూటీ లేదు. ఆసుపత్రి ఛాయలకొస్తే కాళ్ళు విరగ్గొడతామని ఆవిడ కొడుకులు కబురు పెట్టారు. అప్పటినుంచి అమ్మ వీధి తలుపు గడియ తీయనివ్వడం లేదు.

పుస్తకాలు పాస్టరమ్మ ఏరి ఇచ్చింది. ప్రార్థనలది ఒకటి, ఒక మిషనరీ డాక్టరమ్మ జీవితం, రోజుకొక ధ్యానం చొప్పున చదువుకునేది మరొకటి. "పనిలేని మగాడి చేతిలో పుస్తకం పెట్టకపోతే వంటింట్లోకొచ్చి మూతలు తీసి చూస్తాడే!" అని నవ్వింది. అమ్మ నవ్వలేదు.

నాన్న కళ్ళజోడు బస్సు గుద్దిన రోజే పగిలింది. అందుకే నేను చదివి వినిపిస్తున్నాను. డాక్టరమ్మ వానలో గుర్రబ్బండి మీద కాన్పు చేయడానికి వెళ్ళిన చోట, "బ్రేకుల్లేని బండి, దేవుడే తోలుంటాడు" అన్నాడు నాన్న. ఈ పన్నెండు రోజుల్లో ఆయన నవ్వింది అదొక్కసారే.

ఇవాళ ధ్యానాల పుస్తకం తెరిచాను. 'నీవు గాయపరచిన వాని యింటికి' అని ఉంది. గబుక్కున తిప్పేశాను.

"ఆగు చిట్టీ, రెండు కాగితాలు తిప్పావు."

"అంటుకుపోయాయి నాన్నా."

"ముప్ఫై ఏళ్ళు గేరు చప్పుడు విని బతికినవాణ్ణి. వెనక్కి తిప్పు."

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. "దాన్నెందుకు సతాయిస్తారు? ఇక్కడ కూర్చుని ప్రార్థన చేసుకుంటే దేవుడికి వినబడదా?"

"దేవుడికి వినబడుతుంది. ఆవిడకో?"

చదివాను. పేజీన్నర మాత్రమే. రాసినాయన తాను గాయపరచిన వ్యక్తి ఇంటి గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. నాలుగోసారి తలుపు తట్టాడు. అక్కడితో అయిపోయింది.

"తీశారా?" అడిగాడు నాన్న.

"రాయలేదు నాన్నా."

ఆయన లేచి, కొక్కానికి ఉన్న ఖాకీ చొక్కా పక్కకు జరిపి, మామూలు చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"వాళ్ళు అన్నంత పనీ చేస్తారండీ."

నాన్న నెట్టలేదు. ముసలివాళ్ళు దిగేదాకా బస్సు ఆపి చూసినట్టు, ఎదురుగా నిలబడి ఓపిగ్గా ఆగాడు. అమ్మే పక్కకు తప్పుకుంది. గడియ తీసిన చప్పుడయింది. కళ్ళజోడు లేని నాన్న గోడ పట్టుకుని మెట్లు దిగి, ఆసుపత్రి వైపు తిరిగాడు.