నిండని గొయ్యి

ఆల్విన్ పకెలెకి గొప్పగా చెప్పుకోవడానికి ఒకే ఒక్క సంగతి ఉండేది. ఇల్లు కట్టినప్పటి నుంచి అతని లెట్రిన్ గొయ్యి ఒక్కసారి కూడా నిండలేదు. అగ్నిపర్వతం పక్కనున్న వాళ్ళ ఊరు పాహోవాలో ఎవరింట పుట్టినరోజు విందైనా, పంది మాంసం ప్లేట్లలో పడే వేళకి ఎవరో ఒకరు గొయ్యి తోడే లారీని పిలవాల్సి వచ్చిందని మొత్తుకునేవారు. అంతే, ఆల్విన్‌కి పూనకం వచ్చేది. నేలను చూసి కొనాలని, అందుకు కన్నుండాలని మొదలుపెట్టేవాడు. తింటున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని పక్కకి జరిగేవారు. తన మాట వినలేక జరుగుతున్నారని అతనికెప్పుడూ తట్టలేదు.

అతని కూతురు పువా, అల్లుడు, ఇద్దరు పిల్లలు కారు షెడ్డులోనే టార్పాలిన్ గోడల మధ్య కాపురముంటున్నారు. వాన పడితే పిల్లల పరుపులు తడుస్తాయి. అక్కడ వాన పడని రోజేది? ఈ ఏడాది సొంత చోటు దొరక్కపోతే లాస్ వేగాస్ వెళ్ళిపోతామని అల్లుడు చెప్పేశాడు. మనవలు కనబడరంటే ఆల్విన్‌కి ముద్ద దిగలేదు. అదృష్టం కొద్దీ పక్కన పల్లంలో ఖాళీ స్థలం ఉంది, పొరుగునుండే హరుయో పిన్నిది. అడగ్గానే అమ్ముతానందావిడ. అంతటితో పుచ్చుకుని ఊరుకుంటే అతను ఆల్విన్ ఎందుకవుతాడు?

గునపం తీసుకుని స్థలమంతా పొడుచుకుంటూ తిరిగాడు. అరటి చెట్లున్న గుంట దగ్గర నేల డొల్లగా మోగింది. ఆ చెట్ల గెలలే పిన్ని ఎప్పుడూ అతనికి పంపేది. ఆకులు తప్పించి చూస్తే, ఎప్పుడో లావా పారిపోగా మిగిలిన సొరంగం నోరు కనబడింది. లోపల పాతకాలంలో దాచిన పూర్వీకుల ఎముకలుంటాయేమోనని దండం పెట్టి, అనుమతి అడిగి దిగాడు. ఎముకలు లేవు. మురుగు కంపు మాత్రం గుప్పుమంది. ముక్కు మూసుకుని పైకొచ్చాడు కానీ లోలోపల సంతోషమే. ధర తగ్గించమనడానికి ఇంతకంటే ఏం కావాలి?

"పిన్నీ, నీ నేల కింద మురుగు పారుతోంది. పైనున్నవాడెవడో సిగ్గులేకుండా నీ స్థలంలోకి వదులుతున్నాడు. ఇలాంటి చోటుకి అంత ధరేమిటి?"

పిన్ని టీ కప్పులోకి చూస్తూ, "పైన ఎవరున్నారంటావు?" అంది.

ఇంకెవరు, కొత్తగా వచ్చిన గడ్డపు దొర! మురుగు ఎటు పోతుందో పట్టుకోవడానికి ఆల్విన్ ప్లంబరు దగ్గర ఆకుపచ్చ రంగు తెచ్చి ఆ దొర టాయిలెట్లో పోశాడు. పాపం, ఆయన కాఫీ కూడా ఇచ్చాడు. గుంట దగ్గర ఎంతసేపు కాపలా కాసినా రంగు జాడ లేదు. మనింట్లో కూడా పోసి చూద్దామంది పువా. తన గొయ్యినే అనుమానిస్తున్నందుకు ఆల్విన్ నొచ్చుకున్నాడు. పిల్ల ముచ్చట తీరుతుందిలే అని ఊరుకున్నాడు.

పువా రంగు పోసి, పనిలో పనిగా బట్టలుతికే మిషను కూడా వేసింది. కాసేపట్లో సొరంగంలోకి చిలకపచ్చ నీళ్ళు జలజలా దిగివచ్చాయి.

లావా మీద పుట్టి, లావా మీద పెరిగి, కాళ్ళ కిందంతా సొరంగాలేనని ఉగ్గుపాలతో విన్న మనిషి. గొయ్యి ఎందుకు నిండటంలేదని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అనుకోవద్దూ? తన తెలివికి తనే దండం పెట్టుకుని పిన్ని ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా పిన్నీ?"

"తెలుసు. అందుకే ఆ అరటిపళ్ళు ఒక్కటీ నోట పెట్టలేదు. నీవి నీకే పంపాను."

ఆ పళ్ళ రుచిని ఎన్ని విందుల్లో పొగిడాడో అతనికి గుర్తొచ్చింది. మరి చెప్పలేదేమని నసిగాడు.

"చెబుదామనే వచ్చేదాన్ని. ఎప్పుడొచ్చినా నువ్వు ఆ గొయ్యి గొప్పే చెబుతుండేవాడివి. నీకు చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు కదా నాయనా, అదొక్కటీ లాక్కోవడమెందుకని ఊరుకున్నాను."

ఆల్విన్‌కి ఏడుపొచ్చింది. ధర తగ్గించే మాట మళ్ళీ ఎత్తలేదు. స్థలం పువాకేనని, ముందు నీ ఇంటికి సెప్టిక్ ట్యాంకు కట్టించమని పిన్ని చెప్పింది. ప్రాణంగా చూసుకునే చేపల పడవ అమ్మి ట్యాంకు కట్టించాడు. పడవ నిలిపే చోటే ట్యాంకుకి సరిపోయింది.

పువా కొత్తింట్లో తొలి విందు రోజున, వానలకి సొరంగం శుభ్రపడింది కదా అని హరుయో పిన్ని ఆ గుంటలోని పండు మొదటిసారి ఒలిచి తింది. పొడిగా ఉన్న పరుపుల మీద మనవలు ఎగురుతున్నారు. నమిలి నమిలి పిన్ని ఆల్విన్ వైపు తిరిగింది.

"చప్పగా ఉందేమిటి? ఇన్నాళ్ళూ దీన్నేనా అంత పొగిడావు?"

ఆల్విన్ ఇంకో పండు ఒలుచుకున్నాడు.